బోరింగు కాడి గ్లాసు

ఆ గ్లాసులో ఉన్నవి బోరింగు నీళ్ళు కావు. మా కారు డిక్కీలోంచి తెచ్చిన బాటిల్ నీళ్ళు. ఈ మాట ఎక్కడైనా రాసి పెట్టాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

మాది నల్లగొండ. హైదరాబాద్‌లో మాస్ కమ్యూనికేషన్ చదివి, కొన్నాళ్ళు వేరేవాళ్ళ దగ్గర ఎడిటింగ్ పని చేసి, 2018 ఎండాకాలంలో సొంతంగా మొదటి డాక్యుమెంటరీ మొదలుపెట్టాను. విషయం కోసం వెతుక్కోలేదు. చిన్నప్పుడు నా పక్కన కూర్చున్న పిల్లల పళ్ళ మీద గోధుమరంగు చారలు చూస్తూ పెరిగినదాన్ని, ఫ్లోరోసిస్ తప్ప ఇంకేం తడుతుంది?

సాగర్ రోడ్డులో మాల్ అనే ఊరి దాకా వెళ్ళి, అక్కడి నుంచి మర్రిగూడ మండలంలో ఒక ఊరికి వెళ్ళాం. ఊరి పేరు రాయను. మా జిల్లా నేల కింద ఉన్న రాయిలోనే ఫ్లోరైడ్ ఉంది. అది భూగర్భ జలంలో కరుగుతుంది. తాగే నీళ్ళలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ముందు పళ్ళు, తర్వాత ఎముకలు, కీళ్ళు. నడుం వంగిపోతుంది, మెడ బిగుసుకుపోతుంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ తయారుచేస్తే దానికి నల్లగొండ టెక్నిక్ అనే పేరు పెట్టారు. ఆఫ్రికా దేశాల్లో కూడా ఆ పేరుతోనే వాడారు. మా ఊరి పేరు అంత దూరం పోయింది ఇందుకే.

ఆ ఊళ్ళో మాకు దొరికిన మనిషిని పెద్దయ్య అని పిలిచేదాన్ని, ఇక్కడా అలాగే రాస్తాను. డెబ్భై దాటాయి. నడుం దగ్గర మడత పెట్టినట్టు వంగిపోయిన మనిషి. నవ్వు మాత్రం నిటారుగా ఉండేది. వాళ్ళింట్లో కొడుకు, కోడలు, డిగ్రీ చదివే మనవరాలు. ఇంటి ముందు మిషన్ భగీరథ నల్లా, ఇంటింటికీ తాగునీళ్ళిచ్చే సర్కారు పథకం కింద వచ్చింది. వచ్చి కొన్ని నెలలే అయింది. ఊరి మధ్యలో చింతచెట్టు కింద పాత బోరింగు. ఆ నీళ్ళు బట్టలు ఉతకడానికి, బర్రెలకు తప్ప ఎవరూ వాడటం లేదు.

నా బాధ ఆ నల్లా. సినిమా అంటే నా మనసులో ఉన్నది వేరు. విషం అని తెలిసీ గతిలేక అవే నీళ్ళు తాగుతున్న మనుషులు. అక్కడికి పోయి చూస్తే నల్లాలో కృష్ణా నీళ్ళు వస్తున్నాయి. డబ్బు పెట్టిన పెద్దమనిషికి ఫోన్ చేసి చెబితే, "నల్లా చూపిస్తే సర్కారు వాళ్ళ ప్రకటన అనుకుంటరు, అది వద్దు" అన్నాడు. నాకూ నిజమే అనిపించింది. ఇప్పటికీ ఆ భయం తప్పని అనను. ఎముకలు వంగినవాళ్ళ నడుములు నల్లా వచ్చిందని నిటారు కావు. వాళ్ళకు పింఛన్ చాలదు, మందుల ఖర్చు తప్పదు. అన్నీ బాగైపోయాయి అన్నట్టు చూపిస్తే అదీ అబద్ధమే అవుతుంది. కానీ ఆ అబద్ధం నుంచి తప్పించుకోవడానికి నేను ఇంకో అబద్ధంలోకి పోయాను.

రెండో రోజు పొద్దున వెలుతురు బాగుంది. "పెద్దయ్యా, జెర బోరింగు కాడికి వస్తావా, ఒక్క షాట్" అన్నాను. వచ్చాడు. కర్ర పట్టుకుని అంత దూరం రావడానికి పావుగంట పట్టింది. మనవరాలు స్టీలు గ్లాసు తెచ్చింది. బోరింగు కొట్టి గ్లాసు నింపాం. తాగమనలేదు, అంత పాపం చేయలేదు. ఆ నీళ్ళు పారబోసి, గ్లాసు కడిగి, మా బాటిల్ నీళ్ళు పోశాను. "ఇవి తాగు పెద్దయ్యా, బోరింగు ఎనకాల కనబడితే చాలు." ఆయన ఏమీ అడగలేదు. పట్నం నుంచి వచ్చిన బిడ్డ ఏదో పని మీద అడుగుతోంది, ఇస్తే పోతుంది అనుకున్నాడేమో.

మెడ వెనక్కి వాలదు కాబట్టి అందరిలా గ్లాసు ఎత్తి తాగలేడు. గ్లాసు అంచు కింది పెదవికి ఆనించి, మోకాళ్ళు కొంచెం వంచి, మొత్తం ఒంటినే వెనక్కి వంపి, ఒక్కొక్క గుక్క లోపలికి లాక్కుంటాడు. వేళ్ళు పూర్తిగా చాచుకోవు, గ్లాసును రెండు అరచేతుల మధ్య నొక్కి పట్టుకుంటాడు. మొదటి టేక్‌లో నీళ్ళు గడ్డం మీదుగా కారి చొక్కా తడిసింది. ఫోకస్ పోయిందని మళ్ళీ తాగించాం. అలా నాలుగుసార్లు. మూడోసారికి ఆయన "దూప తీరింది బిడ్డా" అన్నాడు. నవ్వాం. నాలుగోది బాగా వచ్చింది. వెనకాల రోడ్డు అవతల బత్తాయి తోట పచ్చగా కనబడుతోందని కెమెరా కిందికి దించి, ఎండిన మట్టి, బోరింగు దిమ్మె మాత్రమే వచ్చేట్టు ఫ్రేమ్ పెట్టాం.

అసలు పని ఎడిటింగ్‌లో జరిగింది. ఇది తెలియనివాళ్ళకు వివరంగా చెప్పాలి, ఎందుకంటే చూసేవాళ్ళు ఎవరూ దీన్ని పట్టుకోలేరు.

పెద్దయ్య ఒకచోట ఇలా అన్నాడు: "అప్పట్ల గతి లేక ఆ నీళ్ళే తాగినం." ఇంకోచోట, అరగంట తర్వాత: "ఇప్పుడు నల్లా నీళ్ళే తాగుతున్నం. నీళ్ళు మారినయి గానీ ఈ నడుము మారదు గదా బిడ్డా."

నేను మొదటి వాక్యంలోంచి 'ఆ' తీసుకున్నాను. రెండో దాంట్లోంచి 'నల్లా' తీసేసి 'నీళ్ళే తాగుతున్నం' తీసుకున్నాను. 'నీళ్ళు మారినయి గానీ' తీసేశాను. మిగిలింది: "ఆ నీళ్ళే తాగుతున్నం... ఈ నడుము మారదు గదా బిడ్డా."

ఒక్క మాట కూడా ఆయన అననిది లేదు. గొంతు ఆయనదే. అతుకు దగ్గర పెదవులు ఎగిరినట్టు కనబడుతుంది కాబట్టి అక్కడ ఆయన ముఖం తీసి బోరింగు చెయ్యి పైకీ కిందికీ ఊగే షాట్ వేశాను. రెండు ముక్కల వెనకాల శబ్దం వేరుగా ఉంది. ఒకదాంట్లో దూరంగా ట్రాక్టర్, రెండోదాంట్లో కోళ్ళు. ఆ తేడా చెవికి తెలియకుండా చింతచెట్టు కింద రికార్డు చేసి పెట్టుకున్న ఉత్త గాలి చప్పుడు కింద పరిచాను. దాన్ని మావాళ్ళు రూమ్ టోన్ అంటారు. శుభ్రమైన సౌండ్ కోసం ప్రతి షూటింగ్‌లోనూ అర నిమిషం తీసుకుంటాం. అదే పనిముట్టు దొంగపనికీ పనికొస్తుంది. తర్వాత రంగులు తగ్గించి మట్టిరంగు ఎక్కించాను. ఒక వేణువు. ఇంగ్లీషు సబ్‌టైటిల్‌లో 'ఇప్పటికీ' అనే అర్థం వచ్చే మాట కలిపాను. అది ఆయన అననే లేదు.

ఈ మూడు సెకన్ల కోసం దాదాపు ఒక రాత్రంతా పట్టింది. తెల్లారి హెడ్‌ఫోన్స్ తీసి విన్నప్పుడు అతుకు నాకే దొరకలేదు. గర్వంగా అనిపించింది.

మరుసటి ఏడాది హైదరాబాద్‌లో ఒకచోట వేశారు. ఇరవై రెండు నిమిషాల సినిమా. గ్లాసు షాట్ దగ్గర హాల్లో ఎవరో ముక్కు చీదడం వినిపించింది. అయిపోయాక ఒకావిడ లేచి, "ఆ పెద్దాయన ఇంకా అవే నీళ్ళు తాగుతున్నారా? మనమేమైనా చేయగలమా?" అని అడిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం నాకు దొరకదు. నేను, "పరిస్థితి ఇంకా పూర్తిగా మారలేదండీ" అన్నాను. ఇంటికి వచ్చాక నిద్ర పట్టలేదు. అప్పటిదాకా సినిమా చెప్పిన అబద్ధం అది. అక్కడి నుంచి నా నోటితో నేను చెప్పిన అబద్ధం.

నెల తిరక్కుండా పెద్దయ్య మనవరాలు ఫోన్ చేసింది. లింక్ ఎవరో వాట్సాప్‌లో పంపారట, ఫోన్‌లో సరిగ్గా ఆడటం లేదట. "అక్కా, తాత చూస్తనంటుండు. నువ్వే వచ్చి చూపెట్టు." ఆ గొంతులో కోపం లేదు. చూసిందో లేదో కూడా తెలియలేదు. టెన్షన్‌తో రెండు ఆదివారాలు దాటవేసి, మూడో ఆదివారం వెళ్ళాను.

ఇంటి ముందు గడంచె మీద ల్యాప్‌టాప్ పెట్టాను. పెద్దయ్యను కుర్చీలో కూర్చోబెట్టారు. ఇరుగుపొరుగు పదిమంది దాకా మూగారు. మొదట అంతా సంబరం. ఎవరి ఇల్లు కనబడితే వాళ్ళు అరిచారు. గ్లాసు షాట్ రాగానే వెనక నుంచి ఒకామె, "అయ్యో, నువ్వు బోరింగు నీళ్ళు ఎప్పుడు తాగినవే పెద్దయ్యా?" అని నవ్వింది. "అది మా ఇంటి గ్లాసే" అన్నాడు ఒక పిల్లవాడు. తర్వాత ఆయన గొంతు వినిపించింది: ఆ నీళ్ళే తాగుతున్నం. నవ్వు ఆగిపోయింది.

అయిపోయాక పెద్దయ్య చాలాసేపు ఏమీ అనలేదు. కోడలు చాయ్ ఇచ్చింది. తాగడం సగంలో ఆపి అడిగాడు.

"గీ ముచ్చట నేనన్ననా బిడ్డా?"

"మాటలు నీవే పెద్దయ్యా. నేను అటూ ఇటూ కలిపిన."

"కలిపితే కలిపినవు. నల్లా ఏడబాయె? నల్లా ఊకెనే ఒచ్చిందా? ఎన్నేండ్లు కొట్లాడినం! ఎలక్షన్ల నిలవడ్డది చెప్పితి గదా నీకు. గదంత ఏడబాయె? ఇందుల నేను నీళ్ళ కోసం ఏడ్సుకుంట కూసున్నోని లెక్క ఉన్న."

ఆయన చెప్పింది నిజమే. అది నా రషెస్‌లో, అంటే కత్తిరించకముందు తీసిన మొత్తం ఫుటేజ్‌లో ఉంది. నలభై నిమిషాలు చెప్పాడు. నా నోట్‌బుక్‌లో ఆ టైమ్‌కోడ్ పక్కన ఎర్ర పెన్నుతో 'వద్దు' అని రాసి పెట్టుకున్నాను.

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. ఫ్లోరైడ్ లేని నీళ్ళు కావాలి, కృష్ణా నీళ్ళు తేవాలి అని దేశం మొత్తానికి వినబడేలా అడగడానికి జలసాధన సమితి పిలుపుతో ఊళ్ళ నుంచి రైతులు, మామూలు మనుషులు వచ్చి నామినేషన్లు వేశారు. అన్ని పేర్లతో బ్యాలెట్ అచ్చు వేయడం కుదరక పోలింగే వాయిదా పడింది. అప్పటికి డిపాజిట్ 500 రూపాయలు. ఆ తర్వాత చట్టం మార్చి 10,000 చేశారు. ఆ 480 మందిలో పెద్దయ్య ఒకడు. ఊళ్ళో తలా పదీ ఇరవై చందా వేసుకుని ఆయన డిపాజిట్ కట్టారు. అప్పటికే నడుం వంగడం మొదలైంది. అలాంటి మనిషిని నేను చేతిలో గ్లాసుతో నిలబెట్టాను.

మాకు క్లాసులో చెప్పిన ఒక పాఠాన్ని నేను చాలాకాలం సమాధానంగా దగ్గర పెట్టుకున్నాను. 1922లో వచ్చిన 'నానూక్ ఆఫ్ ది నార్త్' గురించి. రాబర్ట్ ఫ్లాహెర్టీ కెనడా ఉత్తరాన మంచు ప్రాంతంలో ఇన్యూట్ మనుషులతో తీశాడు. లోపల కెమెరాకు వెలుతురు చాలదని మంచు ఇంటిని ఒక పక్క గోడ లేకుండా కట్టించాడు. వాళ్ళు అప్పటికే తుపాకులతో వేటాడుతున్నా, పాతకాలం ఈటెలతో వాల్రస్‌ను వేటాడించి చూపించాడు. హీరో పేరు కూడా నానూక్ కాదు, అల్లాకరియల్లాక్. మొదటి నుంచీ అందరూ ఇదే చేశారు, నేను చేసిందెంత, అని నాకు నేను చెప్పుకునేదాన్ని.

ఆ రాత్రి బస్సులో తిరిగి వస్తూ ఇదే ఆలోచించాను. గోడ తీసేయడం ఒకటి, తుపాకీ పక్కన పెట్టించడం ఇంకొకటి. గోడ తీసినా లోపల నిద్రపోయే మనుషులు వాళ్ళే, నిద్ర వాళ్ళదే. తుపాకీ తీసేస్తే ఆ మనిషిని అతని తాతల కాలానికి తోసినట్టు. ఈ మధ్యలో అతను నేర్చుకున్నది, సంపాదించుకున్నది అంతా కొట్టుకుపోతుంది. వెలుతురు కోసం పెద్దయ్యను గోడ పక్క నుంచి ఎండలోకి జరగమన్నందుకు నాకు ఇప్పటికీ ఏ పశ్చాత్తాపమూ లేదు. ఆయన్ను ఇరవై ఏళ్ళు వెనక్కి నెట్టినందుకు ఉంది.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. 2007లో బ్రిటన్ రాణి మీద తీసిన కార్యక్రమం ట్రైలర్‌లో, ఆమె ఫోటో షూట్‌కు నడిచి వస్తున్న షాట్‌ను కోపంగా వెళ్ళిపోతున్నట్టు వరుస మార్చి చూపించారు. బీబీసీ క్షమాపణ చెప్పింది, విచారణ జరిగింది, బీబీసీ వన్ ఛానల్ బాధ్యతలు చూసే కంట్రోలర్ రాజీనామా చేశాడు. నేను చేసింది కూడా వరుస మార్చడమే. పెద్దయ్య తరఫున అడిగేవాళ్ళు ఎవరూ లేరు. పైగా నా దగ్గర ఆయన సంతకం ఉంది. ఇంగ్లీషులో ఉన్న కాగితం. తీసినదాన్ని మాకు నచ్చినట్టు వాడుకోవచ్చని అందులో రాసి ఉంటుంది. నాలుగు టేకుల తర్వాత అలసిపోయి ఉన్నప్పుడు, ఎక్కడ పెట్టాలో వేలితో చూపిస్తే అక్కడ పెట్టాడు. షూటింగ్ అయిపోగానే ఆ కాగితాలు తీసుకోవడం మా అందరి అలవాటు.

సినిమా వెనక్కి తీసుకున్నాను. అప్పటికి రెండుచోట్ల ఎంపికైంది, కారణం చెప్పి రద్దు చేసుకున్నాను. డబ్బు పెట్టినాయన నాతో మాట్లాడటం మానేశాడు. ప్రశ్న అడిగిన ఆవిడ ఎవరో కనుక్కుని మెయిల్ రాశాను, జవాబు రాలేదు.

మళ్ళీ మొదలుపెట్టినప్పుడు షూటింగ్ ఎక్కువ చేయలేదు. కావలసినదంతా పాత రషెస్‌లోనే ఉంది. చేసిన ముఖ్యమైన పని రాత పని. పెద్దయ్య మాట్లాడిన ప్రతి మాటా టైమ్‌కోడ్‌తో సహా కాగితం మీదికి ఎక్కించాను. ఆయన యాస యాసలాగే. మనవరాలు సెలవులకు నల్లగొండలో మా ఇంటికి వచ్చి మూడు రోజులు నా పక్కన కూర్చుంది. ఏ వాక్యం కత్తిరించినా ముందూ వెనకా ఆమె చదివి, "ఇట్లంటే తాత అన్నది మారతలేదు" అంటేనే ఉంచాను. వాక్యాన్ని మధ్యలో కోయాల్సి వస్తే దాని మీద వేరే షాట్ కప్పలేదు. బొమ్మ ఎగిరితే ఎగరనీ, కోశానని తెలియాలి. నా ప్రశ్నలు కూడా వినబడేట్టు ఉంచాను. ఎందుకంటే "ఏడుపొస్తదా పెద్దయ్యా?" అని మూడుసార్లు అడిగి ఏడిపించిన చోటు ఒకటుంది. జవాబు మాత్రమే వేస్తే ఆయన తనంతట తానే ఏడ్చినట్టు ఉంటుంది. సబ్‌టైటిళ్ళు తెలుగులోకి తిరిగి చెప్పి ఆమెకు వినిపించాను. రెండుచోట్ల దిద్దింది.

గ్లాసు షాట్ తీసేద్దామనుకున్నాను. "ఉంచు, గట్లనే తాగుతడు గదా తాత" అంది. ఉంచాను. నాలుగు టేకులూ వరసగా ఉంచాను. దూప తీరింది బిడ్డా అన్నదీ, బాటిల్‌తో నా చెయ్యి ఫ్రేమ్‌లోకి వచ్చిందీ ఉన్నాయి.

సినిమా ముప్పై ఐదు నిమిషాలైంది. ఒక టీవీ ఆయన చూసి, "మొదటిదే బాగుంది మేడం, దీంట్లో ఫీల్ లేదు" అన్నాడు. కావచ్చు. మొదటిదాన్ని నేనూ చాలా ప్రేమించాను.

పూర్తిచేశాక మళ్ళీ అదే గడంచె మీద చూపించాను. ఈసారి ఎవరికీ చూపించకముందే. పెద్దయ్య రెండు ముక్కలు తీసేయమన్నాడు. మొదటిది, కోడలు ఆయన్ను లేపి స్నానానికి తీసుకుపోయే షాట్. "అది మా ఇంటి ముచ్చట." అక్కడే, ఆయన చూస్తుండగానే తీసేశాను. రెండోది, ఊరి చివరి వాడలో ఒకామె "మా దిక్కు నల్లా సన్నగ పారుతది, ఎండకాలం రెండు దినాలకొకసారి" అన్నది. సర్పంచ్ ఆయన దగ్గరి చుట్టం. "అది తీసెయ్ బిడ్డా, ఊరి పేరు చెడతది."

ఇది నేను ఊహించలేదు. ఆయన ముఖం మీద ఆయనకు హక్కుంది, ఆమె మాట మీద ఆయనకు లేదు. ఎలా చెప్పాలో తెలియక, "పెద్దయ్యా, నీ మాట నేను తీసేస్తే నీకు కోపమొచ్చింది గదా, ఆమెకు రాదా?" అన్నాను. ఒప్పుకోలేదు. మొహం పక్కకు తిప్పుకున్నాడు. చాయ్ వచ్చినా తాగలేదు. ఆమె దగ్గరికి నేనే వెళ్ళి, ఉంచమంటావా తీసేయమంటావా అని అడిగాను. "ఉన్నదే అంటి గదా, ఉంచు" అంది. ఉంచాను.

తిరిగి వచ్చేసరికి అందరూ వెళ్ళిపోయారు. ల్యాప్‌టాప్ మూయబోతుంటే పెద్దయ్య కర్రతో గడంచె కోడు మీద కొట్టాడు.

"ఆ బ్యాలెట్ ముచ్చట కాడ మల్లొకపారి పెట్టు."

పెట్టాను. తెర మీద ఆయన చెబుతున్నాడు: "అన్ని పేర్లు ఒక కాయితంల పట్టలే బిడ్డా. పుస్తకం గావట్టె. నా పేరు నేను దేవులాడుకునుడే కష్టమాయె." కుర్చీలో కూర్చున్న పెద్దయ్య తెర మీద ఉన్న తనతో పాటే చేతులు లేపాడు. చాచుకోని ఆ వేళ్ళను ఒకదాని మీద ఒకటి ఎడంగా పట్టుకుని, పక్కనున్న మనవరాలికి ఆ పుస్తకం ఎంత మందం ఉందో చూపించాడు.